క్లోమం నొప్పి: వాడ నుండి దవాఖాన దాకా

జిల్లా పేపర్లు తిరగేసేవాళ్లకు ఒక వార్త బాగా అలవాటు: 'కడుపునొప్పి భరించలేక ఆత్మహత్య'. నాలుగైదు లైన్లు ఉంటది. పేరు, ఊరు, వయసు, 'కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ' అనే మాట, పోలీసులు కేసు నమోదు చేశారనే ముగింపు. అది ఏ కడుపునొప్పి? ఏ అవయవానిది? ఎవరికి చూపించారు, ఏ పరీక్షలు చేశారు, ఏం చెప్పారు? ఈ ప్రశ్నలకు ఆ వార్తలో చోటుండదు. జాతీయ నేర నమోదు సంస్థ 2021 లెక్కల ప్రకారం దేశంలో జరిగిన ఆత్మహత్యల్లో 18.6 శాతానికి కారణం 'జబ్బు'. కుటుంబ సమస్యల తర్వాత రెండో పెద్ద కారణం ఇదే. ఆ జబ్బుల్లో ఎన్నింటికి వైద్యం ఉందో, ఎన్నింటి నొప్పినైనా తగ్గించే వీలుందో ఆ లెక్క చెప్పదు.

కడుపునొప్పులన్నీ ఒక్కటి కావు. అల్సర్ ఉంది, పిత్తాశయంలో రాళ్లున్నాయి, పేగు క్షయ ఉంది, ఆడవాళ్లకు గర్భసంచి జబ్బులున్నాయి. వీటి మధ్య తరచుగా దొరకకుండా పోయేది ఒకటుంది. అది దీర్ఘకాలిక క్లోమ శోథ. డాక్టర్లు 'క్రానిక్ పాంక్రియాటైటిస్' అంటారు. దక్షిణ భారతంలో లక్ష మందిలో 114 నుండి 200 మందికి ఈ జబ్బు ఉంటుందని వైద్య రచనల్లో తరచుగా కనిపించే అంచనా. ప్రపంచంలోని చాలా ప్రాంతాల కంటే ఇది ఎక్కువ. అంటే ఇది ఎక్కడో ఒకరికి వచ్చే వింత జబ్బు కాదు. వరంగల్ చుట్టూ ఉన్న మన వాడల్లో కూడా ఉన్నది. పేరు తెలియక 'గ్యాస్ నొప్పి'గా బతుకుతున్నది.

ఈ జబ్బు ఏమిటి, ఎవరి దగ్గరికి పోవాలి, ఏ వైద్యం ఎంతవరకు పనిచేస్తుంది, నొప్పితో వచ్చిన దళితుడికి దవాఖాన గడపలో ఏం ఎదురవుతుంది అనే విషయాలను ఈ వ్యాసంలో వివరించ ప్రయత్నిస్తాం. మేము డాక్టర్లం కాము. డాక్టరు చెప్పేది అర్థం చేసుకొని, తిరిగి ప్రశ్న అడగగలిగే స్థితికి మనవాళ్లు రావాలన్నదే మా ఉద్దేశం.

క్లోమం ఏం చేస్తది?

క్లోమం జీర్ణాశయం వెనక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉండే గ్రంథి. దానికి రెండు పనులు. తిన్నది అరగడానికి రసాలు తయారు చేసి సన్నని నాళం గుండా చిన్నపేగులోకి పంపుతుంది. రెండోది, ఇన్సులిన్ తయారు చేసి రక్తంలో చక్కెరను అదుపులో పెడుతుంది. పేగులోకి పోయిన తర్వాత పనిచేయాల్సిన రసాలు గ్రంథిలోనే పని మొదలుపెడితే గ్రంథి తనను తానే అరిగించుకుంటుంది. వాపు వస్తుంది. మళ్లీ మళ్లీ వాస్తే మెత్తని గ్రంథి గట్టి పడుతుంది, నాళం ఇరుకవుతుంది, అందులో సున్నపు రాళ్లు పేరుకుంటాయి. దారి మూసుకుపోయి వెనక ఒత్తిడి పెరుగుతుంది. చుట్టూ ఉన్న నరాలు దెబ్బతింటాయి. ఏండ్ల తరబడి నొప్పి సంకేతాలు అందుకున్న వెన్నుపాము, మెదడు కూడా మారిపోతాయి. చిన్న సంకేతాన్ని కూడా పెద్ద నొప్పిగా చూపుతాయి. రాయి తీసేసిన తర్వాత కూడా కొందరికి నొప్పి ఎందుకు పోదో అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి గుర్తుండాలి. ఆ నొప్పి నటన కాదు.

గుర్తులు ఇవి: బొడ్డుకు పైన నొప్పి లేచి వీపులోకి పొడిచినట్టు పోతది. తిన్న తర్వాత పెరుగుతది. ముందుకు వంగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని కూర్చుంటే కొంత సైస్తది. వాంతులవుతాయి. తింటే నొప్పని తినడం మానేస్తారు, మనిషి చిక్కిపోతాడు. జబ్బు ముదిరితే దొడ్డికి జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్లమీద తేలేటట్టు అవుతది. తర్వాత షుగర్ వస్తది. పడుచు వయసులో, బక్కపలచని మనిషికి కడుపునొప్పి, షుగర్ రెండూ కలిసి ఉంటే క్లోమాన్ని అనుమానించాల్సిందే.

'తాగుతవా?' అనే మొదటి ప్రశ్న

ఈ నొప్పితో పోయిన మనవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న 'తాగుతవా?' అని. ప్రశ్న తప్పు కాదు. మద్యం ఈ జబ్బుకు ఒక ముఖ్య కారణం, బీడీ సిగరెట్లు మరొకటి. డాక్టరు అడగాల్సిందే. అయితే వాడపేరు, కులం, బట్టలు చూసి జవాబు ముందే రాసుకోవడం వేరే సంగతి. 'మీవాళ్లంతా అంతే' అన్న తర్వాత పరీక్ష ఆగిపోతది, సలహా ఒక్కటే మిగుల్తది: తాగుడు బంద్ చెయ్యి.

లెక్కలు ఏమంటున్నాయి? 2008లో దేశంలోని 32 పెద్ద వైద్య కేంద్రాల నుండి 1,086 మంది రోగుల వివరాలతో వచ్చిన అధ్యయనంలో దాదాపు 60 శాతం మందికి కారణం తెలియదు. మద్యం కారణమైనవాళ్లు సుమారు 39 శాతం. అంటే మన దేశంలో ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మద్యంతో సంబంధం లేదు. పిల్లలకు వస్తుంది, ఎన్నడూ కల్లు ముట్టని ఆడవాళ్లకు వస్తుంది.

మరొక కథ కూడా తెలుసుకోవాలి. 1959లో జైడెమా అనే డాక్టరు ఇండోనేషియాలో పోషకాహారం లేని పేదల్లో రాళ్లతో కూడిన క్లోమం జబ్బును వివరించాడు. తర్వాత కేరళలో డాక్టర్ గీవర్గీస్ ఈ జబ్బును పెద్ద ఎత్తున అధ్యయనం చేశాడు. పేదలు తినే కర్రపెండలమే కారణమనే వాదం చాలాకాలం నడిచింది. తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు. కర్రపెండలం తినని ప్రాంతాల్లోనూ, బాగా తినే ఇండ్లల్లోనూ ఈ జబ్బు కనిపించింది. బక్కచిక్కడం చాలావరకు జబ్బుకు ఫలితమేనని తేలింది. 2002లో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధకులు ఈ రోగుల్లో స్పింక్-1 అనే జన్యువులో మార్పులను గుర్తించారు. గ్రంథిలో రసాలు ముందే పనిచేయకుండా ఆపే కాపలా ప్రోటీన్ ఆ జన్యువు నుండే తయారవుతుంది. ఆ కాపలా బలహీనపడితే జబ్బుకు దారి దొరుకుతుంది. పేదవాడి కంచాన్ని దోషిగా నిలబెట్టిన చోట పరిశోధన పుట్టుకతో వచ్చే కారణాలను చూపింది.

ఇక నిజంగా తాగినవాడి సంగతి. గుడుంబా, చీప్ లిక్కర్ మన వాడల్లోకి వాటంతటవే నడిచి రాలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. మద్యం మీద ఆదాయం తీసుకునే సర్కారు, మద్యంతో జబ్బుపడ్డవాడికి వైద్యం చేయడం దయ ఎట్లయితది? మానడం తప్పనిసరే. మానకపోతే ఏ వైద్యమూ నిలబడదు. అయితే మాన్పించడం కూడా వైద్యమే. దానికి మానసిక వైద్య విభాగం, డీఅడిక్షన్ సెంటరు ఉన్నాయి. బాగా అలవాటున్న మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. కనుక డాక్టరు చూపులోనే మానాలి. తిట్టి పంపడం వైద్యం కాదు.

ఎవరి దగ్గరికి పోవాలి?

నొప్పి లేవగానే మనవాళ్లు పోయేది ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గరికి. రాత్రిపూట తలుపు తీసేది ఆయనే, ఉద్దెర పెట్టేది ఆయనే. ఆ మేలు కాదనలేం. కానీ సూది మీద సూది పడుతుంటే అసలు జబ్బు వెనకబడుతది. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మందులు ఎడాపెడా వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఫోర్ట్‌విన్ లాంటి సూదులకు అలవాటు పడితే ఆ అలవాటే రెండో జబ్బు. ఒకే తీరు నొప్పి రెండు మూడుసార్లు లేచిందంటే సూదితో సరిపెట్టకుండా పెద్ద దవాఖానకు పోవాలి.

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ ప్రాంతాల పేదలకు పెద్ద దిక్కు ఎంజీఎం. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి అది. మొదట జనరల్ మెడిసిన్ లేదా జనరల్ సర్జరీ ఓపీలో చూపించి, అల్ట్రాసౌండ్, రక్తపరీక్షలు, షుగర్ పరీక్ష చేయించుకోవాలి. ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా యోజన కింద కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలో కట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కూడా ఉంది. గ్యాస్ట్రో డాక్టరు ఓపీ ఏ రోజుల్లో ఉంటదో కౌంటర్లో కనుక్కొని పోతే ఒక రోజు కూలి మిగుల్తది.

పరీక్షల గురించి రెండు మాటలు. అమైలేజ్, లైపేజ్ అనే రక్తపరీక్షలు అప్పుడే లేచిన వాపును పట్టుకుంటాయి. ఏండ్లనాటి జబ్బులో అవి మామూలుగానే ఉండవచ్చు. 'రక్తం బాగుంది, నీకేం లేదు' అంటే అక్కడితో ఆగవద్దు. అల్ట్రాసౌండ్ పెద్ద రాళ్లను చూపుతుంది, తొలి దశను వదిలేయవచ్చు. సీటీ స్కాన్ రాళ్లను స్పష్టంగా చూపుతుంది. ఎంఆర్‌సీపీ నాళం ఎక్కడ ఇరుకైందో చూపుతుంది. వీటిలోనూ తేలకపోతే ఎండోస్కోపీ గొట్టం చివర అల్ట్రాసౌండ్ పెట్టి చూసే పరీక్ష ఉంది.

ఇక్కడ తేలనప్పుడు లేదా ఆపరేషన్ దాకా పోయినప్పుడు హైదరాబాదుకు పోవాలి. వరంగల్ నుండి సుమారు 145 కిలోమీటర్లు. అక్కడ నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో గ్యాస్ట్రో విభాగాలున్నాయి. ప్రైవేటులో ఏఐజీ ఈ జబ్బు మీద ఎక్కువ పనిచేసిన సంస్థ. ఇద్దరు వేర్వేరు డాక్టర్లుంటారని తెలిసి ఉండాలి. మెడికల్ గ్యాస్ట్రో డాక్టరు మందులు, ఎండోస్కోపీ చూస్తారు. సర్జికల్ గ్యాస్ట్రో డాక్టరు ఆపరేషన్ చేస్తారు. పెద్ద నిర్ణయం ముందు ఇద్దరి మాటా వినడం రోగి హక్కు. నొప్పి మందుల కోసం మత్తు విభాగం నడిపే పెయిన్ క్లినిక్ ఉందా అని అడగాలి.

ఏ వైద్యం ఎంతవరకు?

మొదటి మెట్టు మద్యం, పొగాకు పూర్తిగా మానడం. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం. నూనె, కొవ్వు పూర్తిగా బంద్ చేయమని కొందరు చెప్తారు. అసలే చిక్కిన మనిషి దాంతో ఇంకా చిక్కుతాడు. అరుగుదల రసాలు తక్కువైతే పాంక్రియాటిన్ గోలీలు ఇస్తారు. వాటిని అన్నంతోపాటే వేసుకోవాలి. అవి తిన్నది ఒంటికి పట్టడానికి. నొప్పికి వాటి మీద పెద్ద ఆశ పెట్టుకోలేం.

నొప్పికి మొదట పారాసిటమాల్, చాలకపోతే ట్రమడాల్ లాంటివి. 2018 నుండి ట్రమడాల్ మత్తుమందుల చట్టం కింద ఉంది, చీటీ లేకుండా అమ్మకూడదు. నరాల నొప్పిని తగ్గించే ప్రీగాబలిన్ 2011లో 64 మంది మీద జరిగిన పరీక్షలో మూడు వారాల్లో కొంత ఉపశమనం ఇచ్చింది. యాంటీఆక్సిడెంట్ గోలీలపై 2009లో ఢిల్లీ ఎయిమ్స్ 127 మందిపై చేసిన పరీక్షలో నొప్పి రోజులు నెలకు 7.4 తగ్గాయి, ఉత్త గోలీలు వేసుకున్నవాళ్లకు 3.2 తగ్గాయి. 2012లో ఇంగ్లండులో చేసిన పరీక్షలో ఆ లాభం కనిపించలేదు. కాబట్టి వాడి చూడవచ్చు, అప్పు చేసి నెలల తరబడి కొనాల్సిన మందు మాత్రం కాదు.

రెండో మెట్టు ఎండోస్కోపీ. నోటి ద్వారా గొట్టం పంపి నాళంలో స్టెంట్ పెడతారు, దీన్ని ఈఆర్‌సీపీ అంటారు. పెద్ద రాళ్లుంటే బయటి నుండి తరంగాలు పంపి ముందుగా పొడి చేస్తారు. ఈ పద్ధతిలో హైదరాబాదు ఏఐజీకి ప్రపంచంలోనే పెద్ద అనుభవం ఉంది. 2010లో వాళ్లు వెయ్యి మందికి పైగా రోగుల ఫలితాలు ప్రకటించారు. నాలుగింట మూడొంతుల మందికి రాళ్లు పూర్తిగా పోయాయి. అయితే రాయి పోవడం, నొప్పి పోవడం ఒకటేనా? ఈ ప్రశ్నను అదే సంస్థలో జరిగి 2024లో వెలువడ్డ మరో పరీక్ష నిజాయితీగా ఎదుర్కొన్నది. 106 మందిలో సగం మందికి అసలు వైద్యం, సగం మందికి వైద్యం చేసినట్టు కనిపించే ఉత్త ప్రక్రియ చేశారు. 12 వారాలకు అసలు వైద్యం పొందినవాళ్లకు నొప్పి కొంచెం ఎక్కువ తగ్గింది. 24 వారాలకు ఆ తేడా నిలవలేదు. అంటే ఇది అందరికీ పనిచేసే వైద్యం కాదు, ఎవరికి చేయాలో ఎంచి చేయాల్సినది. స్టెంట్ పెడితే మార్చడానికి మళ్లీ మళ్లీ పోవాలి. ప్రతి రాకపోకా కూలి మనిషికి పోయిన కూలే.

మూడో మెట్టు ఆపరేషన్. ఉబ్బిన నాళాన్ని పొడవునా తెరిచి పేగుకు కుట్టేది ఒక పద్ధతి. తల భాగంలో గట్టిపడ్డ కండను తొలిచి, నాళాన్ని పేగుకు కలిపే ఫ్రే ఆపరేషన్ మరొకటి. 2007లో నెదర్లాండ్స్‌లో 39 మందిపై జరిగిన పరీక్షలో రెండేండ్ల తర్వాత నొప్పి తగ్గినవాళ్లు ఆపరేషన్‌లో 75 శాతం, ఎండోస్కోపీలో 32 శాతం. 2020లో అక్కడే 88 మందిపై వచ్చిన ఫలితాల్లో తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఏడాదిన్నర కాలంలో నొప్పి తక్కువగా ఉంది. మన దగ్గర ఆపరేషన్ అంటే 'ఆఖరి మాట' అనే భయం ఉంది. నాళం ఉబ్బి ఉన్న రోగికి అది ఆఖరి మాట కానక్కర లేదు. ఏండ్లు గడిచి నరాలు, మెదడు నొప్పికి అలవాటు పడ్డాక చేస్తే ఫలితం తగ్గుతుంది. ఆపరేషన్‌కు తగని రోగులూ ఉంటారు. ఆ సంగతి సర్జన్ స్కాన్ చూసి చెప్పాలి.

షుగర్ వస్తే చాలామందికి ఇన్సులిన్ కావాలి. గోలీలతోనే నెట్టుకురావడం ప్రమాదం. కామెర్లు, జ్వరం, ఆగని వాంతులు, నల్లటి దొడ్డి వస్తే ఆ రోజే దవాఖానకు పోవాలి. ఏండ్లనాటి రోగి ఒక్కసారిగా బరువు తగ్గితే క్యాన్సర్ పరీక్ష అడగాలి. ఈ జబ్బున్నవాళ్లకు ఆ ముప్పు మామూలు మనుషుల కంటే ఎక్కువ.

పైసలు, కాగితాలు, గౌరవం

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. క్లోమం ఆపరేషన్లు ఆ జాబితాలో ఉన్నాయి. అయినా పథకం వర్తించని మందులు, బయట రాసే పరీక్షలు, రవాణా, తోడు వచ్చినవాళ్ల తిండి ఇంటిమీదే పడతాయి. అందుకని చేరకముందే ఆరోగ్యమిత్ర దగ్గర మూడు ప్రశ్నలు అడగాలి. ఈ ప్రక్రియ పేరు జాబితాలో ఉందా? ఈ ఆసుపత్రికి ఈ ప్రక్రియకు అనుమతి ఉందా? నా చేతి నుండి ఏమేమి కట్టాలి? పథకంలో లేకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి నుండి ఎల్‌వోసీకి దరఖాస్తు పెట్టవచ్చు. ఇది వైద్యానికి ముందు పెట్టుకోవాల్సినది. ఆసుపత్రి ఇచ్చే అంచనా కాగితం కావాలి. కార్యకర్తలు అక్కరకు వచ్చే చోటు ఇదే.

ప్రతి రోగికి ఒక ఫైలు ఉండాలి. పాత చీటీలు, స్కాన్ ఫిల్ములు, వాడిన మందుల పేర్లు తేదీలవారీగా పెట్టాలి. ఒక నోటుబుక్కులో నొప్పి ఏ రోజు లేచింది, పదిలో ఎంత, ఏం తిన్నాక, ఎన్ని రోజుల కూలి పోయింది రాయాలి. చదువు రానివాళ్లకు వాడలోని విద్యార్థులు రాసిపెట్టాలి. రాసిన నొప్పిని కొట్టిపారేయడం కష్టం.

1929 డిసెంబరులో 'యంగ్ ఇండియా'లో వచ్చిన ఒక ఉత్తరాన్ని డాక్టర్ అంబేద్కర్ తన రచనలో ఎత్తి చూపాడు. కాఠియావాడ్‌లో బాలింత అయిన ఒక అంటరాని స్త్రీని చూడటానికి వచ్చిన డాక్టరు వాడలోకి అడుగుపెట్టలేదు. థర్మామీటర్‌ను మరొకరి చేతికిచ్చి, వారి నుండి భర్తకు, భర్త నుండి ఆమెకు అందేట్టు చేశాడు. ఆమె బతకలేదు. ఈనాడు థర్మామీటర్ అట్లా చేతులు మారదు. కానీ పెద్ద వయసు మాదిగ మనిషిని 'ఏందిరా' అని పిలిచే నోరు, కడుపు మీద చేయి వేయకుండానే చీటీ రాసే చేయి ఇంకా ఉన్నాయి. క్లోమం నొప్పి బయటికి కనిపించేది కాదు. రోగి మాటను నమ్మితేనే వైద్యం మొదలవుతుంది. ఎవరి మాట నమ్మదగినది అనేది మన సమాజంలో కులం తేల్చే విషయం. అందుకే ఈ జబ్బులో అగౌరవం మర్యాద సమస్య మాత్రమే కాదు, వైద్య సమస్య కూడా. 'మీరు' అని పిలవమనడం, పరీక్ష చేయమనడం, చెప్పింది రాసివ్వమనడం గొంతెమ్మ కోరికలు కావు. అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు తెచ్చుకున్నది ఒక వ్యవసాయ కూలీల సంఘం అని మరువరాదు.

నొప్పి మనిషిని చీకట్లోకి నెట్టినప్పుడు ఇంట్లోవాళ్లు 'ఓర్చుకో' అనడంతో ఆగకూడదు. 14416 నంబరు, టెలీ మానస్, ఏ ఫోన్ నుండైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మనిషిని ఒంటరిగా వదలకుండా మరుసటి రోజే డాక్టరు దగ్గరికి తోడు పోవాలి.

విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మన విద్యార్థులకు ఇక్కడ ఒక పని ఉంది. దవాఖాన రికార్డులో వయసు రాస్తారు, తాగుడు రాస్తారు. ఏ పని చేసే మనిషి, ఎన్నేండ్లు సూదులతో గడిపాడు, ఎన్ని చోట్ల తిరిగితే జబ్బు పేరు తెలిసింది, ఎంత అప్పయింది అనేవి రాయడం అరుదు. ఒక్కొక్క వాడలో ఇల్లిల్లూ తిరిగి ఆ లెక్క మనమే రాయాలి. ఆ లెక్క చేతిలో ఉంటే వరంగల్‌లోనే క్లోమం జబ్బుకు వారానికొక ప్రత్యేక ఓపీ, ఒక పెయిన్ క్లినిక్, పాంక్రియాటిన్ గోలీలు ఉచితంగా కావాలని అడగవచ్చు.